విమానమెక్కే కుక్కకు పెట్టెడు జాగ్రత్తలు

తార్నాక: విదేశంలో ఉద్యోగం వచ్చిన మనిషి పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు చేతికి వస్తే బయలుదేరవచ్చు. ఇంట్లో పెంచుకున్న కుక్క సముద్రం దాటాలంటే కాగితాలతో పాటు మరొకటి కావాలి. అది పెట్టె. ఆ పెట్టె కొలత తక్కువైనా, గడియ వదులుగా ఉన్నా, గాలి రంధ్రాలు చాలకపోయినా విమానాశ్రయంలో సరుకుల విభాగం వారు కుక్కను వెనక్కి పంపవచ్చు. ఒక విధంగా వెనక్కి పంపడమే నయం. లోపమున్న పెట్టెలో గాలిలోకి లేచిన మూగజీవి ఊపిరాడక తన్నుకున్నా, దాహంతో అరిచినా దారి మధ్యలో వినే నాథుడు ఉండడు.

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఎదిగిన తార్నాకకు ఇలాంటి ప్రయాణాలు కొత్త కావు. విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. చుట్టుపక్కల రసాయన, భూభౌతిక, జీవకణ పరిశోధన సంస్థలు వెలిశాయి. ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి ఇతర దేశాల విద్యార్థులు వచ్చి చదువుకుని వెళ్తుంటారు. వచ్చేవారు, పోయేవారు ఉన్నచోట పెంపుడు జంతువుల రాకపోకలూ తప్పవు. పోషకాహార సంస్థలోని ప్రయోగశాల జంతువుల కేంద్రానికైతే ఎలుకలను, చుంచులను పెంచి దేశంలోని ఇతర ప్రయోగశాలలకు పంపడం 1976 నుంచీ నిత్యకృత్యం.

పల్లెకు ఏమిటి సంబంధం?

ఇది పట్నం వారి గొడవ అనుకోవడానికి లేదు. ఉస్మానియాలో చదివి, తార్నాకలో గది అద్దెకు తీసుకుని, ఉద్యోగంలో కుదురుకున్న పల్లెటూరి పిల్లలు ఎందరో ఉన్నారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక కుక్కపిల్లను తెచ్చి పెంచుకుంటారు. అమెరికా అవకాశం రాగానే దాన్ని ఊళ్లో తల్లిదండ్రుల దగ్గర దించి విమానమెక్కుతారు. ఏడాది గడిచాక అక్కడ ఇల్లు కుదిరి, కుక్కను పంపమని కబురు చేస్తారు. అప్పుడు టీకాలు, కాగితాలు, పెట్టె అన్నీ ఊళ్లో ఉన్న పెద్దల నెత్తిన పడతాయి. వడ్రంగిని పిలిచి ఒక డబ్బా కొట్టిస్తే సరిపోతుందని వారు అనుకుంటే, ఆ ఖర్చు వృథా అవుతుంది.

కోళ్లను గంప కింద మూసి సంతకు తీసుకుపోవడం, మేకలను ఆటోలో ఎక్కించడం పల్లెవాసులకు అలవాటే. ఆ ప్రయాణం గంటా రెండు గంటలు. మనిషి పక్కనే ఉంటాడు. హైదరాబాద్ నుంచి అమెరికాకు మధ్యలో విమానం మారే సమయంతో కలిపి ఇరవై గంటలు దాటుతుంది. అంతసేపూ కుక్కకు ఇల్లు, మంచం, గోడ, తలుపు అన్నీ ఆ పెట్టే. అందుకే కుక్కకు తగిన పెట్టెను చూడాలి గాని, దొరికిన పెట్టెలో కుక్కను ఇరికించకూడదు.

పెట్టె కంటే ముందు టీకా

పెట్టె పని నెల రోజుల్లో ముగుస్తుంది. కాగితాల పని నెలల తరబడి సాగుతుంది. మొదట కుక్క మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్పు వేయించాలి. అందులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ తరువాతే రేబిస్ టీకా వేయించాలి. ఈ వరుస తప్పి ముందు టీకా వేయించి తరువాత చిప్పు పెట్టిస్తే ఐరోపా దేశాలు, అమెరికా ఆ టీకాను లెక్కలోకి తీసుకోవు. మళ్లీ మొదటికి రావలసిందే.

టీకా వేసిన 30 రోజులకు రక్తం తీసి పరీక్షకు పంపాలి. రేబిస్‌ను తట్టుకునే శక్తి ఒంట్లో తగినంత వచ్చిందా లేదా అన్నది ఈ పరీక్షలో తేలుతుంది. భారతదేశం నుంచి ఐరోపా దేశాలకు వెళ్లే కుక్క రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. బ్రిటన్‌కూ ఇదే లెక్క. పైగా బ్రిటన్‌లో దిగే పెంపుడు కుక్కను ప్రయాణికుడి సామానుగా రానివ్వరు. విమానంలో వెళ్తే సరుకుగానే వెళ్లాలి.

అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు బిగించింది. కుక్కకు ఆరు నెలల వయసు నిండి ఉండాలి. చిప్పు ఉండాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉన్నందున, ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన పత్రం అడుగుతారు. అక్కడి ఆరోగ్య శాఖ గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఆ కేంద్రంలో ముందుగానే చోటు ఖాయం చేసుకోవాలి. రక్తపరీక్ష పత్రం లేకపోతే 28 రోజులు అక్కడే ఉంచేస్తారు. ఆ ఖర్చు యజమానిదే.

కొడుకు ఉండే దేశం ఏదో, ఆ దేశపు నియమం ఏమిటో ముందు తెలుసుకోవాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు కొనేముందు మరోసారి అడిగి తెలుసుకోవడం అవసరం. విదేశానికి పంపే జంతువుకు ఇక్కడి నుంచి కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ధ్రువపత్రం తీసుకోవాలి. ఈ విభాగానికి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. ఆరోగ్య పరీక్షకు నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల తార్నాకకు దగ్గర.

నాలుగు కొలతలు చాలు

అంతర్జాతీయ విమానయాన సంఘం జీవజంతువుల రవాణాకు ఒక నియమావళి పెట్టింది. కుక్క పెట్టె ఎంత ఉండాలో అందులో లెక్క ఉంది. దర్జీ టేపు ఒకటి ఉంటే ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కుక్క నిటారుగా నిలబడినప్పుడు నాలుగు కొలతలు తీయాలి.

మొదటిది ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు పొడవు. తోకను లెక్కలోకి తీసుకోరు. రెండోది నేల నుంచి ముందుకాలి మోచేతి వరకు ఎత్తు. మూడోది రెండు భుజాల మధ్య వెడల్పు. నాలుగోది నేల నుంచి నడినెత్తి వరకు ఎత్తు. ఊరకుక్క మాదిరిగా చెవులు నిక్కబొడుచుకుని ఉంటే చెవి కొస వరకు కొలవాలి.

మొదటి కొలతకు రెండో కొలతలో సగం కలిపితే పెట్టె పొడవు వస్తుంది. మూడో కొలతను రెట్టింపు చేస్తే వెడల్పు. నాలుగో కొలతకు లోపల పరిచే బొంత మందం కలిపితే ఎత్తు. ఇవన్నీ పెట్టె లోపలి కొలతలే.

ఉదాహరణకు మధ్యరకం నాటుకుక్క ఒకటి ముక్కు నుంచి తోక మొదలు వరకు 75 సెంటీమీటర్లు, మోచేతి ఎత్తు 30, భుజాల వెడల్పు 20, చెవి కొస వరకు 62 ఉందనుకుందాం. పెట్టె పొడవు 75కు 15 కలిపి 90 సెంటీమీటర్లు కావాలి. వెడల్పు 40. బొంతకు 3 కలిపితే ఎత్తు 65. ఇందులో కుక్క తల వంచకుండా నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. ఈ మూడూ చేయగలిగితేనే పెట్టె సరిపోయినట్టు. కుక్కపిల్ల అయితే ప్రయాణం నాటికి ఎంత పెరుగుతుందో చూసుకుని కొలవాలి.

అంగుళానికి ఆశపడితే

కొలతల దగ్గరే చాలామంది మనసు గుంజుతుంది. కారణం రుసుము. విమానంలో సరుకుకు బరువును బట్టే కాక, ఆక్రమించే చోటును బట్టి కూడా లెక్క కడతారు. పెట్టె బయటి పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించడం వాడుక. వచ్చిన అంకె, అసలు బరువు రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు వసూలు చేస్తారు.

పైన చెప్పిన పెట్టె బయటి కొలతలు 93, 43, 68 అనుకుంటే లెక్క 45 కిలోలు దాటుతుంది. కుక్క 18 కిలోలు, పెట్టె 10 కిలోలు తూగినా, కట్టవలసింది 28 కిలోలకు కాదు, 45 కిలోలకు. పెట్టెను నాలుగు వైపులా కాస్త కుదిస్తే కొన్ని వేలు మిగులుతాయి కదా అనే ఆలోచన ఇక్కడే పుడుతుంది. అలా కుదించిన పెట్టెను విమానాశ్రయంలో తిప్పిపంపితే టిక్కెట్టు డబ్బు, కాగితాల గడువు రెండూ పోతాయి. చూసీ చూడక ఎక్కిస్తే కుక్క మెడ వంచుకుని ఇరవై గంటలు గడపాలి.

ఏ చెక్క? ఏ మేకు?

అంగట్లో దొరికే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు కుక్కలకు వాడుకలో ఉన్నాయి. ఇవి పై సగం, కింది సగంగా వస్తాయి. రెంటినీ ప్లాస్టిక్ క్లిప్పులతో కాక ఇనుప నట్లు, బోల్టులతో బిగించాలి. చక్రాలుంటే ఊడదీయాలి. తలుపు ఇనుపది కావాలి. కుక్క లోపలి నుంచి పళ్లతో లాగినా, కాలితో తన్నినా తెరుచుకోకూడదు.

పెద్ద జాతి కుక్కకు అంగట్లో సరిపడా పెట్టె దొరక్కపోతే వడ్రంగితో చేయించవచ్చు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మామిడి, వేప, టేకు ఏ కలపైనా సరే, శుద్ధి చేయని ముడి చెక్కతో చేసిన పెట్టె విదేశానికి వెళ్లదు. చెక్కలో దాగిన పురుగులు ఒక దేశం నుంచి మరో దేశానికి పాకకుండా అంతర్జాతీయ నియమం అమల్లో ఉంది. చెక్క నడిభాగం కూడా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేలా కాచడం వంటి శుద్ధి చేయించి, దానిపై ముద్ర వేయించాలి. ప్లైవుడ్‌ను వేడి మీద జిగురుతో అతికి తయారు చేస్తారు కనుక దానికి ఈ బాధ లేదు. ప్లైవుడ్ పలకలు వాడి, మూలల చట్రానికి మాత్రం ముద్ర ఉన్న కలప తీసుకుంటే చిక్కు ఉండదు.

గాలి నాలుగు వైపుల నుంచీ ఆడాలి. నాలుగు పక్కల మొత్తం వైశాల్యంలో కనీసం 16 శాతం రంధ్రాలు ఉండాలని నియమం. రంధ్రాలకు జాలీ కొట్టాలి. ముక్కు గాని, పంజా గాని బయటికి రాకూడదు. పెట్టెను పక్క సరుకుకు ఆనించి పెట్టినా రంధ్రాలు మూసుకుపోకుండా బయట అడ్డపట్టీలు బిగించాలి. ఎత్తే కూలీలకు అవే పట్టు కూడా. లోపల మేకు కొస, జాలీ తీగ, చెక్క పేడు ఏదీ పొడుచుకు రాకూడదు. వడ్రంగి పని ముగించాక చేతిని లోపలంతా ఒకసారి తడిమి చూస్తే తెలిసిపోతుంది. అడుగున తడి కారకుండా చూడాలి.

పెట్టెపై ‘జీవజంతువులు’ అనే ఆకుపచ్చ చీటీ, ‘ఇటు పైకి’ అని తెలిపే బాణం గుర్తులు ఇంగ్లిషులో అంటించాలి. పంపేవారి, అందుకునేవారి పేరు, చిరునామా, ఫోను నంబరు రాయాలి. కుక్క పేరు కూడా రాస్తే మంచిది. కొత్తచోట పేరు పెట్టి పిలిచే గొంతు వినిపిస్తే మూగజీవి కాస్త కుదుటపడుతుంది.

నీళ్లు, బొంత, తిండి

తలుపుకు లోపలి వైపు రెండు గిన్నెలు బిగించాలి. ఒకటి నీళ్లకు, ఒకటి తిండికి. తలుపు తెరవకుండా బయటి నుంచే వాటిని నింపే వీలుండాలి. ముందు రోజు రాత్రి నీళ్ల గిన్నెను ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి పెడితే, పెట్టెను ఎత్తి దించేటప్పుడు ఒలకకుండా మెల్లగా కరుగుతుంది.

అడుగున తడి పీల్చే మెత్తటి గుడ్డ పరచాలి. వరిగడ్డి వేయడం పల్లె అలవాటు. విదేశానికి మాత్రం పనికిరాదు. గడ్డిని చాలా దేశాలు రానివ్వవు. ఇంట్లో వాళ్లు కట్టి విడిచిన పాత చీర ముక్కో, పంచె ముక్కో లోపల వేస్తే తెలిసిన వాసన కుక్కకు ధైర్యం. లోపల గొలుసు, మూతికి బుట్ట ఉండకూడదు. గొలుసు మెడకు చుట్టుకుంటే విడిపించేవారు ఉండరు. మూతి కట్టేస్తే కుక్క నాలుక చాపి రొప్పలేదు. ఒంటి వేడిని కుక్క తగ్గించుకునేది ప్రధానంగా రొప్పడంతోనే.

బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టకూడదు. రెండు గంటల ముందు కొద్దిగా తిండి, నీళ్లు ఇచ్చి, కాసేపు తిప్పి తీసుకురావాలి. దారిలో గొడవ చేయకుండా మత్తుమందు ఇవ్వడం పెద్ద పొరపాటు. మత్తులో రక్తపోటు పడిపోవచ్చు. పెట్టె ఒరిగినప్పుడు కుక్క కాళ్లూన్చి నిలదొక్కుకోలేదు. మత్తులో ఉన్న జంతువును చాలా విమాన సంస్థలు ఎక్కించుకోవు.

అలవాటు చేయడమే అసలు పని

ఎంత చక్కటి పెట్టె అయినా ప్రయాణం రోజునే మొదటిసారి చూపిస్తే కుక్కకు అది బోనే. కనీసం నెల ముందు పెట్టెను ఇంట్లోకి తేవాలి. తలుపు ఊడదీసి వసారాలో ఒక మూల పెట్టాలి. అన్నం అందులోనే పెట్టాలి. బలవంతంగా తోయకూడదు. తనంతట తాను వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాక తలుపు బిగించి, ఐదు నిమిషాలు మూసి తెరవాలి. తరువాత అరగంట, ఆ తరువాత ఒక రాత్రి. ఆటోలోనో, ట్రాలీలోనో ఎక్కించి ఊరు చుట్టూ ఒకసారి తిప్పితే కుదుపు కూడా అలవాటవుతుంది. ఈ పనికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఊళ్లోని తల్లిదండ్రులు చేయగలిగిన మేలు కూడా ఇదే.

ఎండాకాలం, చప్పిడి ముక్కు

విమానం అడుగున జంతువులను ఉంచే గదిలో గాలి ఒత్తిడి, వేడి అదుపులో ఉంటాయి. ఏ గదిలో జీవజంతువు ఉందో పైలట్‌కు ముందే రాతపూర్వకంగా తెలుపుతారు. ముప్పు గాలిలో కంటే నేల మీద ఎక్కువ. ఎండలో కాగిన విమానాశ్రయపు నేలపై పెట్టె కొద్దిసేపు ఆగినా లోపల ఉడికిపోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో పగటి ప్రయాణం మానుకుని రాత్రి విమానం చూసుకోవాలి. మధ్యలో విమానం మారే చోటు ఎడారి దేశమైతే అక్కడి ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి.

ముఖం చదునుగా, ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ వంటి జాతులకు ముప్పు మరీ ఎక్కువ. టీవీ ప్రకటన పుణ్యమా అని ‘హచ్ కుక్క’గా పేరుపడిన పగ్ ఈ కోవలోదే. వీటి శ్వాసనాళం ఇరుకు. వేడి, బెదురు రెండూ కలిస్తే ఊపిరి అందదు. అమెరికా రవాణా శాఖ 2010లో విడుదల చేసిన లెక్కల ప్రకారం 2005 మే నుంచి ఐదేళ్లలో విమాన ప్రయాణాల్లో 122 కుక్కలు చనిపోయాయి. వాటిలో 25 ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లు, 11 పగ్‌లు. ఈ జాతులను సరుకుగా తీసుకోబోమని చాలా విమాన సంస్థలు చెబుతున్నాయి. తీసుకునే చోట పెట్టె కొలతలు పదో వంతు పెంచాలి. పశువైద్యుడు వద్దంటే మానుకోవడమే మంచిది.

శంషాబాద్‌లో ఆ రోజు

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. తార్నాక నుంచి అక్కడికి ముప్పై కిలోమీటర్లకు పైగా దూరం. సరుకుగా వెళ్లే కుక్కను ప్రయాణికుల ద్వారం దగ్గరికి తీసుకుపోతే పని జరగదు. కార్గో విభాగం వేరే ఉంది. కాగితాల తనిఖీ, కస్టమ్స్, తూకం, కొలత ముగియడానికి గంటలు పడుతుంది. పెట్టెను తనిఖీ చేసేటప్పుడు కుక్కను బయటికి తీసి పట్టుకోవలసి వస్తుంది. అందుకని మెడపట్టీ, గొలుసు చేతిలో ఉంచుకోవాలి. కొత్త జనాన్ని, రొదను చూసి బెదిరిన కుక్క అక్కడ తప్పించుకుంటే మళ్లీ దొరకడం కష్టం. అది బాగా ఎరిగిన మనిషి ఒకరు చివరిదాకా వెంట ఉండాలి. టీకా పుస్తకం, ధ్రువపత్రాల నకళ్లు ఒక కవరులో పెట్టి పెట్టెపై అంటించాలి. మరో జత ఇంట్లో దాచుకోవాలి.

చట్టం ఏమంటుంది?

జంతువులను ఇరుకు బోనులో కుక్కడం, బాధ కలిగేలా తరలించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. కుక్కలు, పిల్లుల రవాణాకు పశువైద్యుని ఆరోగ్య పత్రం ఉండాలని 1978లో వచ్చిన రవాణా నిబంధనలు చెబుతున్నాయి. సరైన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేసి పోవడం కూడా అదే చట్టం కింద నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే కావడంతో చట్టానికి భయపడేవారు తక్కువ.

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చెట్లున్నాయి, హాస్టళ్లలో మెతుకులు దొరుకుతాయి, అక్కడ విడిచిపెడితే బతికిపోతుంది అనుకోవడం తనను తాను మభ్యపెట్టుకోవడమే. ఇంట్లో చేతికూడు తిని పెరిగిన కుక్క వీధికుక్కల గుంపులో నెగ్గుకు రాలేదు. ముసలి కుక్కను, జబ్బు కుక్కను, చప్పిడి ముక్కు కుక్కను విమానమెక్కించడమూ దయ అనిపించుకోదు. అలాంటి వాటికి ఊళ్లో తెలిసిన ఇల్లే మేలు. తిండికి, మందులకు నెలనెలా కొంత పంపే ఏర్పాటు చేసి, చూసుకునే మనిషిని ముందుగా ఒప్పించుకోవాలి.

తీసుకుపోవాలని నిశ్చయించుకున్న వారు మాత్రం కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. చిప్పు, టీకా, రక్తపరీక్ష, పెట్టె, అలవాటు, ధ్రువపత్రం. వరుస ఇదే. టిక్కెట్టు కొన్నాక వీటి గురించి వాకబు చేస్తే చిన్న పెట్టె, తొందర ప్రయాణం తప్ప మరో దారి మిగలదు. ఆ తొందర ఖరీదు చెల్లించేది కుక్కే.